తీరిక స్వల్పము - కైంకర్యమేది?

‘కైంకర్యము’ అను పదము వైష్ణవ గృహములలోను, ఆలయములలోను నిత్యము వినబడునదే. కింకరుడు చేయు పని కైంకర్యము. “నేనేమి చేయుదును?” అని స్వామిని అడుగువాడు కింకరుడని పెద్దలు ఆ పదమునకు అర్థము చెప్పుదురు. అనగా సేవ యనునది చేతి పనితో గాక ఒక ప్రశ్నతో ప్రారంభమగుచున్నది. ఆ ప్రశ్నను మనము ఎవరిని అడుగుచున్నాము? భగవంతునినా, లేక మన మనస్సునా? ఈ చిన్న విషయమును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేటి గృహస్థునకు భక్తి లేదనుట సత్యము కాదు. భక్తి కలదు, తీరిక లేదు. ఉద్యోగము, వ్యవసాయము, బిడ్డల చదువు, వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ - వీనికి పోగా మిగులునది దినమునకు అరగంట, వారమునకు ఒక పూట. ఆలయమునందలి సేవలా, అనేకములు. ప్రాకారము ఊడ్చి ముగ్గు పెట్టుట, దీపపు కుందులు తోముట, తులసి కోసి మాల కట్టుట, తీర్థపుబిందె మోయుట, ప్రసాదము వండుట, పంచుట, ప్రబంధ పారాయణము, భజన, ఉత్సవములందు వాహనము మోయుట, లెక్కలు వ్రాయుట, పిల్లలకు శ్లోకములు నేర్పుట, గోవులకు గడ్డి వేయుట. ఇందులో తక్కువది ఏదియు లేదు. అన్నియు చేయవలెనని ఆశ. అన్నియు చేయ శక్యము కాదు. అందువలన కొందరు అన్నిటిని నెత్తిన వేసికొని ఏదియు పూర్తి చేయలేక చింతింతురు. మరికొందరు “తీరిక దొరికిననాడు చూతము” అని ఏదియు ప్రారంభింపకయే కాలము గడుపుదురు. ఈ రెండు త్రోవలకు నడుమ పెద్దలు నడచిన బాట ఒకటి కలదు.

కాలమును పంచుకొనుట

పాంచరాత్ర సంప్రదాయమున భాగవతుని దినము ఐదు భాగములుగ విభజింపబడినది. ప్రాతఃకాలమున భగవంతుని చేరి నమస్కరించుట అభిగమనము. ఆరాధనకు కావలసిన పత్రపుష్పాది ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. ఆరాధన చేయుట ఇజ్య. సద్గ్రంథములను పఠించుట స్వాధ్యాయము. రాత్రి ధ్యానమున మనస్సును నిలుపుట యోగము. వీనికే పంచకాల ప్రక్రియయని పేరు. వేదాంత దేశికులవారు తమ ‘పాంచరాత్ర రక్ష’ యందు ఈ ప్రక్రియను విస్తరముగ చర్చించిరి.

ఇందు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఐదు భాగములలో సాక్షాత్తుగ పూజ చేయు భాగము ఒక్కటియే. పూలు కోయుటకు, ద్రవ్యము సమకూర్చుటకు ప్రత్యేకముగ ఒక కాలము కేటాయింపబడినది, అదియు ఆరాధనలోనిదే. కాబట్టి గర్భాలయమునకు చేరువగ జరుగు పనియే సేవ, దూరముగ జరుగు పని సేవ కాదు అను తలంపునకు ఇందు చోటు లేదు. రెండవ విశేషమేమన, ఒక కాలమున చేయవలసినది మరియొక కాలమున చేయుదమను కలగాపులగము ఇందు లేదు. ఏ వేళకు ఏది తగునో అదియే చేయవలెను. అల్పకాలము గలవానికి ఈ క్రమశిక్షణయే మొదటి ధనము.

స్థలము నిర్ణయించువాడు ఎవరు?

శ్రీమద్రామాయణమున అరణ్యకాండయందలి పంచవటీ ఘట్టమును ఒకసారి స్మరింతము. శ్రీరాముడు సీతాలక్ష్మణ సమేతుడై పంచవటికి చేరెను. నీరు, పూలు, సమిధలు సమీపమున లభించునట్టి, అందరి మనస్సులకు ఇంపైన చోటు చూచి పర్ణశాల కట్టుమని తమ్మునితో పలికెను. చూచుటకు ఇది లక్ష్మణునకు గొప్ప గౌరవము. చోటు ఎన్నుకొను స్వాతంత్ర్యమును అన్నగారే ఇచ్చినారు. కాని లక్ష్మణుడు చేతులు జోడించి, తాను పరతంత్రుడనని, అన్నగారే ఒక చోటు చూపి ‘ఇచ్చట కట్టుము’ అని ఆజ్ఞాపింపవలెనని వేడుకొనెను. శ్రీరాముడు సంతసించి, తమ్ముని చేయి పట్టుకొని, గోదావరికి చేరువనున్న చోటు చూపెను. అప్పుడు లక్ష్మణుడు మట్టిగోడలు, వెదురు దూలములు, జమ్మికొమ్మలు, గడ్డికప్పు కూర్చి చక్కని పర్ణశాలను నిర్మించెను. ఆ పని చూచి మెచ్చిన రాముడు ఇచ్చిన బహుమానము ఆలింగనము.

మన పూర్వాచార్యులకు ఈ ఘట్టమన్న మిక్కిలి ప్రీతి. లక్ష్మణునకు చోటు ఎన్నుకొను తెలివి లేక కాదు. సేవకుని ఇష్టముచే జరుగు సేవ సేవకునికే సేవ అగును. స్వామి ఇష్టముచే జరిగినదే స్వామికి సేవ. ఆలయమునందు మనకు నచ్చిన పనిని మనమే ఎన్నుకొని, “స్వామికి చేసితిమి” అని తృప్తిపడుట సులభము. “స్వామీ, ఇచ్చట ఏది కొరతగ ఉన్నది?” అని అర్చకస్వామిని, ధర్మకర్తను అడుగుట కష్టము. ఏలయన, వారు చెప్పునది మనకు నచ్చకపోవచ్చును.

ఒక్కొక్కరికి ఒక్కొక్క సేవ

మన సంప్రదాయమున కీర్తిగాంచిన కైంకర్యపరులను చూడుడు. వారిలో పెక్కుమంది పేరు తలచినంతనే ఒక సేవ మనస్సునకు తట్టును. తిరుక్కచ్చినంబి యనిన కంచి వరదరాజస్వామికి వింజామర వీచుట. విష్ణుచిత్తుడనిన శ్రీవిల్లిపుత్తూరున పూలతోట. తొండరడిప్పొడి ఆళ్వారు అనిన శ్రీరంగమున తులసిమాల. విశిష్టాద్వైత సిద్ధాంతమును లోకమున నిలిపిన భగవద్రామానుజులవారు సైతము, కంచిలో నివసించిన దినములలో, శాలకిణరు అను బావినుండి దినమునకొక బిందె నీరు తెచ్చి వరదునకు సమర్పించిరి.

తిరుమల క్షేత్రమున ఇట్టి మహనీయులు ఇరువురు మనకు ఆదర్శప్రాయులు. శ్రీరామానుజులకు మేనమామయు, వారికి శ్రీరామాయణ రహస్యములను ఉపదేశించిన ఆచార్యులును అగు తిరుమలనంబి నిత్యము దూరమునుండి శ్రీవారి అభిషేకమునకు తీర్థము తెచ్చెడివారు. వార్ధక్యమున ఆయన పడు శ్రమను చూడలేక, స్వామియే బోయబాలుని వేషమున వచ్చి, “తాతా, దాహము” అని కుండలోని నీరు త్రాగి, పిమ్మట బాణముతో కొండను కొట్టి ఆకాశగంగను చూపినాడని ఐతిహ్యము. ఆలయమునకు సుమారు 3 కిలోమీటర్ల దూరముననున్న ఆ ఆకాశగంగా తీర్థము నేటికిని శ్రీవారి సేవకు వచ్చుచున్నది. గొప్ప విద్వాంసుడైన తిరుమలనంబి, “నేను పండితుడను, నీరు మోయుట నా పనియా?” అనుకొనలేదు. ఆయన నిత్యసేవ నీటికుండ మోయుటయే.

రెండవవారు అనంతాళ్వాను. తిరుమలలో పూలతోట వేసి స్వామికి మాలలు సమర్పించుటకు ఎవరు పోగలరని శ్రీరామానుజులు శ్రీరంగమున శిష్యులను అడిగినప్పుడు, అడవికిని చలికిని వెరచి అందరు మిన్నకుండగా, ఆయన ఒక్కడే లేచి నిలిచెను. కొండపై తోట వేసెను. తోటకు నీటికై చెరువు త్రవ్వెను. ఒకనాడు మాల కట్టుచుండగా సన్నిధినుండి స్వామి పిలుపు వచ్చినది. ఆయన మాల పూర్తియగువరకు కదలలేదు. “పిలిచిన వెంటనే రావేల?” అని స్వామి అడుగగా, తన ఆచార్యులు తనకు నియమించిన పని పూమాలయేనని, అది విడిచి వచ్చుట తగదని విన్నవించెనట. ఒక సేవను పట్టిన చేయి ఎంత గట్టిగా పట్టవలెనో ఈ ఐతిహ్యము చెప్పుచున్నది. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు శ్రీవారికి నేటికిని జరుగు భాగసవారి ఉత్సవము ఆయన తోటను, ఆయన కైంకర్యమును స్మరింపజేయునదే.

ఆయన గాథలోనే మరియొక పాఠము దాగియున్నది. చెరువు త్రవ్వునాడు నిండు గర్భిణియగు భార్య మట్టితట్టలు మోయుచుండగా, ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడెను. ఈ సేవ తామిరువురే చేయవలెనను పట్టుదలతో నున్న అనంతాళ్వాను కోపించి గునపము విసిరెను. అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు అదృశ్యుడయ్యెను, సన్నిధిలో స్వామి గడ్డమున నెత్తురు కనబడెను. నాడు ఆ గాయమునకు పచ్చకర్పూరము అద్దిరి; నేటికిని శ్రీవారి గడ్డమున అది అలంకారమై ప్రకాశించుచున్నది. ఆ గునపమును తిరుమల మహాద్వారమున యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

ఈ కథను మనము స్వామి సౌలభ్యమునకు నిదర్శనముగ చెప్పుకొందుము. అది నిజమే. అయినను సేవ చేయువాడు నేర్వవలసినది మరియొకటి కలదు. అంతటి మహనీయునకు సైతము, ‘ఈ సేవ నాది’ అను పట్టు ఒక్క క్షణము కలిగినది. ఆ క్షణమున ఆయన తరిమినది సేవలో పాలుపంచుకొన వచ్చిన స్వామినే! కైంకర్యమును గట్టిగా పట్టవలెను. కాని సొంత ఆస్తివలె పట్టరాదు.

ఒక ధనుర్మాసపు ఉదయము

ఇంతవరకు పెద్దల మాట. ఇక నా అనుభవమును ఒకదానిని విన్నవించుకొందును. ఇది నా గొప్ప చెప్పుకొనుటకు కాదు. నా లోపమును చెప్పుకొనుటకు.

నేను ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న దినములలో మా గ్రామమందలి వేణుగోపాలస్వామి ఆలయమున నాకు ఐదు పనులుండెడివి. శనివారము తులసిమాల, ధనుర్మాసమున తిరుప్పావై గోష్ఠి, ఉత్సవ సంఘపు లెక్కలు, అన్నసమారాధనకు కూరగాయలు తెచ్చుట, భజన. ఇవి చాలవన్నట్లు సమీప పట్టణమందలి ఒక భజన సమాజమున సభ్యత్వము. ఎవరు అడిగినను “అట్లే” అనెడివాడను. కాదనుట భక్తికి లోపమని నా నమ్మకము.

ఒక సంవత్సరము ధనుర్మాసమున ‘కూడారై’ దినమునకు, అనగా ఇరువదియేడవ నాటి ఉదయమునకు, క్షీరాన్నమునకు పాలు, నేయి నేను తెచ్చుటకు ఒప్పుకొంటిని. ముందునాటి సాయంకాలము పట్టణమున భజన. అది ముగియుసరికి అర్ధరాత్రి దాటినది. అచ్చటనే నిద్రించితిని. మెలకువ వచ్చుసరికి తెల్లవారినది. ఆలయమునకు పరుగెత్తితిని. గోష్ఠి ముగిసి ముప్పావు గంట అయినది. చలిలో పసిపిల్లలు, వృద్ధులు మండపమున కూర్చుండి ఎదురుచూచిరట. చివరకు మా ఆలయపు ప్రాకారము ఊడ్చు ముదుసలి తన ఇంటనున్న రెండు శేర్ల పాలు తెచ్చి ఇచ్చినదట. నేయి చాలలేదు. ఆ క్షీరాన్నమునే స్వామికి ఆరగింపు చేసిరి.

నేను అర్చకస్వామి ఎదుట తల వంచి నిలిచితిని. ఆయన కోపింపలేదు. “మాష్టారూ, మీరు తేలేనని ముందే చెప్పియుంటే మాకు లోటు ఉండేది కాదు. ఇంకొకరు తెచ్చేవారు. తెస్తానని చెప్పిన మీ మాట వారిని కూడా రాకుండా ఆపినది” అన్నారు. ఆ మాట నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది. సేవ చేయకపోవుట ఒక లోపము. చేయుదునని చెప్పి చోటు ఆక్రమించి చేయకపోవుట రెండు లోపములు.

అది అంతటితో ముగియలేదు. ఇంటికి వచ్చుసరికి మా తల్లిగారికి ఆయాసము ఎక్కువై, రాత్రియంతయు నా భార్య ఒక్కతెయే ఆమె చెంత మేల్కొనియున్నది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కొంత సేపటికి, “ఏమండీ, మీ సేవలన్నీ నేను ఇంట్లో ఉండబట్టి జరుగుతున్నాయి. నాకూ తిరుమలలో ఒక్క వారము సేవ చేయాలని పదేళ్లుగా ఉన్నది” అని మాత్రము అన్నది. పదేండ్లుగా ఆ కోరిక నా ఇంటనే ఉన్నది. ఐదు సేవల సందడిలో అది నాకు వినబడలేదు.

ఆ వారమే నేను మూడు పనులను ఇతరులకు అప్పగించితిని. సంఘపు లెక్కలను వాణిజ్యశాస్త్రము చదివిన ఒక యువకునికి ఇచ్చితిని; అతడు నాకన్న చక్కగ వ్రాసెను. కూరగాయల పనిని సంతకు నిత్యము పోవు ఒక రైతు సంతోషముగ స్వీకరించెను. పట్టణపు భజన సమాజమునకు నమస్కరించి సెలవు తీసికొంటిని. తిరుప్పావై గోష్ఠియు, మా ఊరి భజనయు ఇంటిలో వీలున్ననాడు పోయి కూర్చుండునవిగ మిగిలినవి. నేను భారముగ వహించునది శనివారపు తులసిమాల ఒక్కటియే. మరుసటి వేసవి సెలవులలో నేను ఇంట తల్లిగారి చెంత ఉంటిని. నా భార్య తిరుమలకు పోయి శ్రీవారి సేవలో ఏడు దినములు అన్నప్రసాద భవనమున కూరగాయలు తరిగి వచ్చినది. ఆ ఏడు దినములలో మా ఇంట జరిగిన సేవలు రెండు అని నేడు నాకు తోచుచున్నది.

ఎన్నుకొనుటకు ముందు అడుగవలసినవి

ఈ అనుభవమునుండియు, పెద్దల చరిత్రలనుండియు, అల్పకాలము గలవారు తమను తాము అడుగుకొనవలసిన ప్రశ్నలు నాలుగు నాకు గోచరించినవి.

మొదటిది: కొరత ఎచ్చట ఉన్నది? గరుడవాహనము మోయుటకు నూరుగురు ముందుకు వత్తురు. మరునాడు మండపము కడుగుటకు ఎందరు మిగులుదురు? కల్యాణోత్సవమున వేదికపై నిలుచుటకు పోటీ; నూనె జిడ్డు పట్టిన కుందులు తోముటకు పోటీ లేదు. ఎవరును లేని చోటే స్వామి మనకొరకు ఉంచిన చోటని భావింపవచ్చును. తిరుమలలో 2000 సంవత్సరమున ప్రారంభమైన శ్రీవారి సేవలో ఈ నీతి ఆచరణయందు కనబడుచున్నది. దేశపు నలుమూలలనుండి వచ్చు సేవకులకు క్యూలైన్లలోనో, అన్నప్రసాద భవనమునందో, ఇతర విభాగములందో అవసరమును బట్టి కార్యాలయమువారే పని నియమింతురు. “సన్నిధి చెంత నిలువవలెనని వచ్చితిని, వంకాయలు తరుగుటకా?” అను చిన్నబుచ్చుకొనుట కొందరికి మొదటి దినమున కలుగవచ్చును. వారు పంచవటిలో చేతులు జోడించిన లక్ష్మణుని తలచుకొందురుగాక.

రెండవది: నా చేతికి వచ్చిన పని ఏది? భగవంతుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క నేర్పు ఇచ్చినాడు. కుట్టుపని తెలిసినవారు ఉత్సవమూర్తుల వస్త్రములకు అంచులు కుట్టవచ్చును. విద్యుత్తు పని తెలిసినవారు ఆలయపు తీగలను సరిచూడవచ్చును. వైద్యులు రథోత్సవమునాడు ఒక పూట జనులకు అందుబాటులో ఉండవచ్చును. చదువు చెప్పగలవారు ఆదివారము పిల్లలను చేరదీయవచ్చును. అయితే నేర్పు వేరు, పేరుకై ఆశ వేరు. కంఠము బాగున్నదని పాడుట నేర్పు. మైకు ఉన్నచోటనే పాడుదుననుట ఆశ. రెంటిని వేరుచేసి చూచుకొనవలెను.

మూడవది: ఎడతెగక చేయగలనా? తాళ్లపాక అన్నమాచార్యులవారు పదునారవ ఏటనుండి జీవితాంతము దినమునకొక సంకీర్తనకు తక్కువ కాకుండ స్వామికి సమర్పించిరని ప్రసిద్ధి. ఆ సంకీర్తన భాండారమునకు మూలము ఒకనాటి ఆవేశము కాదు; దినదినపు నియమము. మనము అన్నమయ్యలము కాలేము. కాని నియమము అలవరచుకొనవచ్చును. దినమునకు అరగంట యనిన సంవత్సరమునకు 180 గంటలకు మించును. వారమునకు ఒక్క పూట యనిన సంవత్సరమునకు 52 పూటలు. ఇది చిన్నదా? చేయగలమని తోచినదానిలో సగమే ఒప్పుకొని, ఒప్పుకొన్నది పూర్తిగ చేయుట మేలు. జ్వరము వచ్చిననాడు, ఊరికి పోయిననాడు ఎవరు చేయుదురో ముందే ఏర్పాటు చేయవలెను. వచ్చి నేర్చుకొందునన్న బాలునికి మాల కట్టుట నేర్పవలెను. గునపము ఎత్తరాదు.

నాల్గవది: ఈ సేవ భారము ఎవరిపై పడుచున్నది? ఇది తరచుగ మనము అడుగని ప్రశ్న. శ్రీరామాయణమున లక్ష్మణుడు రాముని వెంట అడవికి పోయెను. భరతుడు అన్నగారిని మరలించుకొనిరావలెనను తన కోరికను విడిచి, ఆయన ఇష్టము చొప్పున పాదుకలు తలదాల్చి నందిగ్రామమున పదునాలుగేండ్లు రాజ్యభారము మోసెను. శత్రుఘ్నుడు భరతుని సేవించుచు ఆయన చెంతనే ఉండెను. మువ్వురిలో రాముని కంటి ఎదుట ఉన్నవాడు ఒక్కడే. అయినను భాగవతుని సేవించిన శత్రుఘ్నుని స్థానమును మన ఆచార్యులు మిక్కిలి కొనియాడిరి. వ్యాధిగ్రస్తయైన తల్లికి మందు ఇచ్చు కొడుకు, పసిబిడ్డతో ఆలయమునకు పోలేక ఇంట దీపము వెలిగించు ఇల్లాలు శత్రుఘ్నుని వరుసలోనివారే. ఇంట ఒకరి సేవ మరియొకరి కన్నీటిపై నిలువరాదు.

సమీపమున ఉన్న స్వామి

తీరిక స్వల్పముగ నున్నవారు మరువరాని మాట ఇంకొకటి. మహాక్షేత్రములకు పోయి సేవించుట భాగ్యమే. కాని మన వీథి చివరనున్న చిన్న ఆలయమున సంధ్యాదీపము లేనినాడు, దూరపు క్షేత్రమున మన సేవకు నిండుదనము చేకూరునా? ఆదాయము లేని చిన్న ఆలయములకై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ధూపదీప నైవేద్య పథకమును అమలుపరచవలసి వచ్చినదనిన, అట్టి ఆలయములెన్ని కలవో ఊహింపవచ్చును. ద్రవ్యము ప్రభుత్వమీయవచ్చును. వాకిట ముగ్గు పెట్టు చేయి, గంట విని వచ్చి నిలుచు మనిషి మన ఊరినుండియే రావలెను.

భద్రాచల క్షేత్రమును తలచినంతనే రామదాసుగారు కట్టించిన ఆలయము మన కన్నులకు కట్టును. కాని అంతకు ముందే పోకల దమ్మక్క యను భక్తురాలు అచ్చట స్వామిని కనుగొని, పొదలు తొలగించి, తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లు నివేదన చేసినదని స్థలచరిత్ర. ఆమె వద్ద ధనము లేదు, అధికారము లేదు. తనకు సమీపమున స్వామి కనబడినాడు. తన చేతికి అందినది తాటాకు. మహాలయమునకు ముందు ఒక తాటాకు పందిరి ఉండినదని మనము మరువరాదు.

మిగిలినది ఒక్క రాత్రియే యైనను

చివరగా, కాలము మిక్కిలి తక్కువైన ఒక భక్తుని స్మరించి ముగింతును. శ్రీకృష్ణదేవరాయలు, 1509 నుండి 1529 వరకు ఏలిన ఆంధ్రభోజుడు, తన ‘ఆముక్తమాల్యద’లో మాలదాసరి కథను చెప్పెను. వరాహపురాణాంతర్గతమైన కైశిక మాహాత్మ్యము ఈ కథకు మూలము. కులముచే ఆలయము వెలుపలనే నిలువవలసి వచ్చిన ఆ దాసరి ప్రతిదినము తెల్లవారకమునుపే కురుంగుడి స్వామి ఎదుట మంగళకైశికి రాగమున పాడి పోయెడివాడు. ఆయన సేవ అది ఒక్కటియే. ఒకనాడు వేళ పొరబడి చీకటిలోనే బయలుదేరి, త్రోవ తప్పి, కుంభజానుడను బ్రహ్మరాక్షసునకు చిక్కెను.

అప్పుడు ఆయన కోరినదేమి? ప్రాణము విడువుమని కోరలేదు. నాటి సేవ ముగించి వత్తును, పిమ్మట భక్షింపుమని కోరెను. ప్రమాణములు చేసి, విడుదల పొంది, పోయి పాడెను. పాడి, మాట తప్పక, తన్ను తినువాని కడకే తిరిగి వచ్చెను. ఆ సత్యమునకును, ఆ గానమునకును బ్రహ్మరాక్షసుడే చలించి శరణు వేడెను. వానికి ఆ రూపమునుండి విముక్తి కలిగెను. కార్తీక శుద్ధమున వచ్చు కైశిక ద్వాదశినాడు తిరుమలలో ఉగ్రశ్రీనివాసమూర్తి సూర్యోదయమునకు ముందే ఊరేగుట యాత్రికులు ఎరిగినదే. ఆ దినమున ఈ దాసరిని తలచుకొనుట మన విధి.

మాలదాసరికి మిగిలిన కాలము ఒక రాత్రిలో కొంత భాగము. అందు ఆయన క్రొత్త పుణ్యములకై వెదకలేదు. గొప్ప దానములకై చింతింపలేదు. నిన్న చేసినదానినే నేడును చేసెను. ఇచ్చిన మాట నిలుపుకొనెను. సేవ యొకటి, సత్యమొకటి - ఈ రెండు చాలినవి.

భక్తులారా! మనకు మిగిలిన కాలమెంతో మనకు తెలియదు. దినమునకు అరగంటయో, వారమునకు ఒక పూటయో, సంవత్సరమునకు ఏడు దినములో - అది స్వామి మన చేతికి ఇచ్చిన కొలమానము. కొలమానము చిన్నదని చింతింప పనిలేదు. ఈ శనివారము మీ ఊరి ఆలయమునకు పోయినప్పుడు, దర్శనము ముగించుకొని వెనుదిరుగక, అర్చకస్వామిని ఒక్క మాట అడిగి చూడుడు: “స్వామీ, ఇచ్చట చేయువారు లేక నిలిచియున్న పని ఏది?” ఆయన చూపిన పని చిన్నదైనను, ఇంటివారితో ఆలోచించి, చేయగలిగినంతకే ఒప్పుకొని, ఒప్పుకొన్నదానిని విడువక చేయుడు. కైంకర్యము అను మాటలోని ప్రశ్నకు అదియే సమాధానము.

శ్రీవారి కృపాకటాక్షము ఎల్లరిపై ప్రసరించుగాక!